మే నెలలో ఫ్రిజ్ నిండిపోయింది: ఏవి లోపల, ఏవి బయట?

బెజవాడ_వంటిల్లు (విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్, ఇంట్లో ఆరుగురం. ఎండలు ముదిరాక కూరగాయలు, పాలు, పెరుగు, ఇడ్లీ పిండి, చివరికి మల్లెపూల డబ్బా కూడా అందులోకే చేరుతున్నాయి. తలుపు గట్టిగా నెడితేగానీ పడట్లేదు. వెనకవైపు పెట్టిన దోసకాయ గడ్డకడుతోంది, తలుపు అరలో పెట్టిన పాలు కాస్తే విరుగుతున్నాయి.

ఇంట్లో తలా ఒక మాట. మా అత్తగారు ఆవకాయ ఫ్రిజ్‌లో పెట్టనివ్వరు. మా ఆయన గుడ్లు బయట పెట్టనివ్వరు. పిల్లలు తేనె, జామ్, బ్రెడ్డు ఏది తెచ్చినా లోపలికే తోస్తారు. నెట్‌లో వెతికితే టమాటాలు, బంగాళాదుంపలు, అరటిపళ్లు బయటే ఉంచమని రాశారు. మధ్యాహ్నం మా వంటింట్లో 38 డిగ్రీలు ఉంటోంది, టమాటాలు రెండో రోజుకే మెత్తబడుతున్నాయి.

ఫ్రిజ్ మార్చే ఆలోచన ఇప్పట్లో లేదు. ఉన్న చోటులో దేనికి ముందు స్థానం ఇవ్వాలి, దేన్ని నిశ్చింతగా బయట పెట్టొచ్చు? కారణంతో సహా చెప్పండి, ఇంట్లో నచ్చజెప్పాలంటే అది కావాలి.

ఓరుగల్లు_టీచర్ (హనుమకొండ)

మంచి ప్రశ్న. ముందు ఒక సంగతి. విదేశీ సైట్లలో "గది ఉష్ణోగ్రతలో ఉంచండి" అని రాస్తే వాళ్ల లెక్కలో గది అంటే 20, 22 డిగ్రీలు. మే నెలలో మన వంటింట్లో ఆ చల్లదనం తెల్లవారుజామున కూడా ఉండదు. అందుకే ఆ సలహాలు మక్కీకి మక్కీ మనకు పనికిరావు.

నేను కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. చలి వల్ల జరిగేవి రెండు, వాటిని విడివిడిగా చూడాలి. మొదటిది సూక్ష్మజీవుల సంగతి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా బాగా పెరుగుతుంది. 4 డిగ్రీల దగ్గర వాటి పెరుగుదల చాలా నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తుందే తప్ప అవి చావవు. లిస్టీరియా లాంటివైతే ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతాయి. వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉండకూడదన్నది అందరూ ఒప్పుకున్న నియమం. 32 డిగ్రీలు దాటిన చోట అది ఒక్క గంటే. అంటే మనకు వేసవి అంతా ఒక్క గంటే.

రెండోది కాయగూరల సంగతి. కోసిన తర్వాత కూడా అవి ఊపిరి తీస్తూనే ఉంటాయి. చలి ఆ వేగాన్ని తగ్గిస్తుంది. క్యారెట్, క్యాబేజీ, బీట్‌రూట్, ఆకుకూరలకు ఇది పూర్తిగా మేలు. వేడి నేలల పంటలైన అరటి, మామిడి, టమాటా, దోస, వంకాయ, బెండకు మాత్రం మరీ చలి తగిలితే లోపలి కణాలు దెబ్బతింటాయి. తొక్క మీద గుంటలు, నల్లమచ్చలు, నీరు కారడం, రుచి పోవడం, అన్నీ ఆ దెబ్బ ఫలితాలే.

వండినవి, పాలు, మాంసం విషయంలో అడుగుతున్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. టమాటా, అరటి విషయంలో రుచికి సంబంధించిన ప్రశ్న. చోటు తక్కువగా ఉన్నప్పుడు మొదటి గుంపుకే ముందు స్థానం.

ఇక మీ దోసకాయ గడ్డకట్టడం, పాలు విరగడం రెండూ ఒకే జబ్బు. ఫ్రిజ్ కిక్కిరిసి ఉంటే చల్లగాలి తిరగదు. వెనకాల మంచు, ముందు వెచ్చదనం. పైగా తలుపు అరలు అన్నిటికంటే వెచ్చని చోటు, పాలకు తగవు. పాల ప్యాకెట్లు ఫ్రీజర్ కింద ఉండే ట్రేలో పెట్టండి. రెగ్యులేటర్ మీద 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు, సాధారణంగా పెద్ద అంకె అంటే ఎక్కువ చలి. ఒక చిన్న ఫ్రిజ్ థర్మామీటర్ కొని మధ్య అరలో పెట్టి చూడండి.

డల్లాస్_తెలుగు (డల్లాస్, టెక్సస్)

టీచర్ గారు చెప్పిన గది ఉష్ణోగ్రత మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా ఇంట్లో ఏసీ వల్ల ఏడాదంతా 23 డిగ్రీలు. టమాటాలు బల్ల మీద బుట్టలో అయిదారు రోజులు బాగుంటాయి. పోయిన వేసవిలో మా అమ్మావాళ్లింటికి నూజివీడు వచ్చినప్పుడు అదే అలవాటు అక్కడ కుదరలేదు.

గుడ్ల విషయం చెబుతాను, ఇక్కడికీ అక్కడికీ తేడా ఉంది. గుడ్డు పెంకు మీద సహజంగా ఒక పల్చటి పొర ఉంటుంది. పెంకులోని సన్నటి రంధ్రాల గుండా బాక్టీరియా లోపలికి పోకుండా అది అడ్డుకుంటుంది. అమెరికాలో గుడ్లను కడిగి అమ్ముతారు, ఆ పొర పోతుంది. అందుకే ఇక్కడ 7 డిగ్రీల లోపు ఉంచి తీరాలి. యూరప్‌లో చాలా దేశాల్లో కడగరు, షాపులో కూడా మామూలు అరల్లోనే పెడతారు. మన ఊళ్లలో కిరాణా కొట్టులో అట్టల మీద పేర్చి అమ్మేవి కూడా ఎక్కువగా కడగనివే.

బెజవాడ_వంటిల్లు

అయితే మా ఆయన మాట తప్పా? గుడ్లు బయట పెట్టొచ్చా?

ఓరుగల్లు_టీచర్

తప్పు కాదు, వదినగారూ. కడగని గుడ్డు డిసెంబరులో బయట రెండు వారాలు ఉంటుంది. 38 డిగ్రీల వంటింట్లో సొన త్వరగా పల్చబడుతుంది, లోపల సాల్మొనెల్లా గనక ఉంటే వేగంగా పెరుగుతుంది. వేసవిలో రెండు మూడు రోజుల్లో వాడేసేన్ని మాత్రమే కొని బయట పెట్టుకోండి, లేదా లోపల పెట్టండి. రెండు జాగ్రత్తలు ముఖ్యం. ముందుగా కడిగి పెట్టొద్దు. ఒకసారి లోపల పెట్టినవాటిని తీసి మళ్లీ గంటల తరబడి బయట ఉంచొద్దు, పెంకు చెమర్చి ఆ తడితో పైనున్న మురికి లోపలికి దిగుతుంది. తలుపులో గుడ్ల కోసం గుంటలు ఇచ్చినా, తలుపు తీసినప్పుడల్లా వేడి తగిలే చోటు అది. డబ్బాలో వేసి లోపలి అరలో పెడితే మేలు.

గోదారి_గట్టు (రాజమహేంద్రవరం)

అమ్మాయ్, మీ అత్తగారి పక్షాన నేను మాట్లాడతాను. ఆవకాయకు ఫ్రిజ్ అక్కర్లేదు. సరైన పాళ్లలో ఉప్పు, కారం, ఆవపిండి, పైకి తేలేంత పప్పునూనె ఉంటే ఏడాదిపాటు జాడీలో బ్రహ్మాండంగా ఉంటుంది. ఉప్పు నీటిని పట్టేస్తుంది, మామిడి పులుపు ఒక కాపు, నూనె గాలి తగలనివ్వదు. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు సరిచూసి, నూనె తేలిందో లేదో చూసుకోవాలి. తేలకపోతే కాచి చల్లార్చిన నూనె పోయాలి. జాడీకి వాసెన కట్టి వెలుతురు పడని మూల పెట్టాలి.

పచ్చడి పాడయ్యేది వేడికి కాదు, తడికి. తడి గరిటె, తడి చెయ్యి, సరిగా ఆరని ముక్క, వీటివల్లే బూజు. రోజూ పెద్ద జాడీ తెరవకుండా వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి.

కానీ ఒక మాట. ఈ రోజుల్లో బీపీ అని, షుగరు అని ఉప్పు సగానికి సగం తగ్గించి కలుపుతున్నారు. అలాంటి ఆవకాయ మా అమ్మమ్మ ఆవకాయ లాగా బయట ఉండదు. ఉప్పు తగ్గిస్తే అది తప్పనిసరిగా ఫ్రిజ్‌లోకే. అలాగే తొక్కుడు పచ్చళ్లు, ఎండబెట్టకుండా చేసిన టమాటా పచ్చడి, కొబ్బరి కలిసినవేవైనా సరే లోపలే. ఎండబెట్టి చేసిన నిల్వ టమాటా పచ్చడి, మాగాయ మాత్రం జాడీలో ఉంటాయి.

రంగు కోసం ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లనూ తప్పుపట్టను. ముక్క గట్టిగా, కారం ఎర్రగా ఎక్కువ కాలం ఉంటుంది. చోటు లేని ఇంట్లో మాత్రం ఆవకాయకు అర కేటాయించొద్దు.

మిర్చి_యార్డు (గుంటూరు)

రంగు మాట వచ్చింది కాబట్టి కారం గురించి రాస్తున్నా. గుంటూరు చుట్టుపక్కల అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకున్నాయో ఆలోచించండి. ఎండుమిర్చి బయట గోదాములో పెడితే వేసవి, వాన కలిసి రంగు దించేస్తాయి, పురుగు పడుతుంది, తేమ తగిలితే బూజు. రైతు మంచి ధర కోసం ఎదురుచూసే నెలల్లో కాయ ఎర్రగా ఉండాలంటే చలి కావాలి. రంగు దిగితే ధర దిగుతుంది.

ఇంట్లోనూ అదే సూత్రం. ఏడాదికి సరిపడా కారం ఆడించుకుంటే నెలకు కావలసింది బయట డబ్బాలో పెట్టి, మిగతాది గాలి చొరని కవర్లలో ఫ్రిజ్‌లోనో డీప్ ఫ్రీజర్‌లోనో పెట్టండి. ఒక్కటి గుర్తుంచుకోండి: ప్యాకెట్ బయటికి తీయగానే మూతి విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. చల్లటి కారం మీద వేడిగాలి తగిలితే తేమ పట్టి గడ్డలు కడుతుంది. అంత చోటు లేకపోతే ఏడాది కారం ఆడించకండి, ఎండుమిర్చి ఉంచుకుని రెండు మూడు నెలలకోసారి ఆడించుకోండి. పొడికంటే కాయే ఎక్కువ కాలం నిలుస్తుంది.

చింతపండు కూడా అంతే, చల్లగా ఉంటే నల్లబడదు. కానీ నల్లబడినా పులుపు పోదు, కాబట్టి మీ ఫ్రిజ్‌లో దానికి చోటు అక్కర్లేదు. గింజ, పీచు తీసి, కాస్త ఉప్పు చల్లి జాడీలో అదిమిపెట్టండి చాలు.

పల్లె_పంట (మహబూబ్‌నగర్)

మేం కూరగాయలు పండిస్తాం. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కంద, చేమగడ్డ, చిలగడదుంప, గుమ్మడికాయ, బూడిద గుమ్మడి, వీటిలో ఏదీ ఫ్రిజ్ అడగదు. గాలి ఆడాలి, చీకటి ఉండాలి. ప్లాస్టిక్ కవర్‌లో ముడేసి పెట్టడమే వాటికి శత్రువు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒకే బుట్టలో వేయొద్దు. ఆలుగడ్డ విడిచే తేమకు ఉల్లి మెత్తబడి మొలకేస్తుంది. ఎల్లిగడ్డ చలి తగిలితే తొందరగా మొలకెత్తుతుంది. ఆలుగడ్డకు వెలుతురు తగిలి పచ్చబడితే ఆ భాగం చేదు, విషం కూడా, కోసి పారేయాలి.

పచ్చి దోసకాయ, మన పప్పులో వేసే పసుపు దోసకాయ, బయట వారం పైన ఉంటుంది. ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పెట్టింది గడ్డకట్టడం సహజమే. వంకాయ, బెండకాయ రెండు రోజుల్లో వండేస్తే తడి గుడ్డ కప్పి నీడన పెట్టండి. అంతకంటే ఎక్కువ రోజులైతే ఫ్రిజ్ అడుగు డబ్బాలో పెట్టక తప్పదు, మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

ఎండ గట్టిగా ఉండే మా వైపు ఇంకో ఉపాయం ఉంది. ఢిల్లీలో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు కరెంటు లేకుండా కూరగాయలు నిలవ ఉంచే ఇటుక తొట్టి రూపొందించారు. రెండు వరసల ఇటుకల మధ్య ఇసుక నింపి రోజూ నీళ్లు చల్లుతారు. నీళ్లు ఆవిరవుతుంటే లోపల చల్లబడుతుంది. బయటికంటే 10 నుంచి 15 డిగ్రీల దాకా తగ్గుతుంది, తేమ 90 శాతం దాకా ఉంటుంది. ఇంట్లో అయితే పెద్ద మట్టి గంగాళంలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడుపుతూ, పైన తడి గోనె కప్పితే చాలు. టమాటా, వంకాయ, బెండ, దోస, వీటికి ఫ్రిజ్ కంటే ఇదే అనువైన చలి.

సాగర_తీరం (విశాఖపట్నం)

అన్నా, మా ఊళ్లో ఆ కుండ అంత పని చేయదు. గాలిలోనే తేమ ఎక్కువ, నీళ్లు ఆవిరి కావడమే కష్టం. మహబూబ్‌నగర్ పొడి ఎండకు అది బాగుంటుంది. విజయవాడలో వడగాడ్పులు వీచే రోజుల్లో పనిచేస్తుంది, వానలు మొదలైతే కష్టం.

తేమ ఉన్న చోట ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి వేరు. మా ఇంట్లో బొంబాయి రవ్వ, శనగపిండి, వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, జీడిపప్పు లోపలే. నూనె గింజలన్నిటికీ వేడిలో కంపు వాసన పట్టేస్తుంది, రవ్వకు పురుగు పడుతుంది. పల్లీల్లో తేమ చేరితే వచ్చే బూజు వట్టి రుచి సమస్య కాదు, అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది కాలేయానికి చేటు. బూజు వాసన వచ్చిన పల్లీలు కడిగి వేయించి వాడేద్దాం అనుకోవద్దు, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. చోటు లేకపోతే రవ్వ దోరగా వేయించి డబ్బాలో పెట్టండి, పల్లీలు తక్కువ తక్కువగా కొనండి.

చేపల గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. కానాగంతలు, కవళ్లు, టూనా లాంటివి కాసేపు ఎండలో ఉన్నా వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది. ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పులుసు ఎంత మరిగించినా అది పోదు. అందుకే మార్కెట్ నుంచి ఇంటికి ఐస్‌లోనే రావాలి. వెంటనే శుభ్రం చేసి, ఆ రోజు వండకపోతే నేరుగా డీప్ ఫ్రీజర్‌లోకి. "నిన్నటి చేపల పులుసు రుచి" అంటాం కదా, ఆ నిన్నటి పులుసు కూడా మన వేసవిలో రాత్రికి ఫ్రిజ్‌లో పడుకోవాలి, పొయ్యి గట్టు మీద కాదు.

హాస్టల్_రోజులు (బెంగళూరు)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా రూములో నలుగురం, 45 లీటర్ల బుల్లి ఫ్రిజ్. రాత్రి వండిన అన్నం కుక్కర్‌లోనే వదిలేసి పొద్దున పులిహోర చేసుకుంటాం. ఊళ్లో చద్దన్నం తిని పెరిగినవాళ్లమే. ఇందులో భయపడాల్సింది ఉందా?

ఓరుగల్లు_టీచర్

ఉంది తమ్ముడూ, ఇది జాగ్రత్తగా చదువు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు సహజంగా ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వేడి తగ్గి గోరువెచ్చగా ఉన్న కుక్కర్ వాటికి చాలా అనుకూలమైన చోటు. అక్కడ పెరుగుతూ విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా, పోపులో వేయించినా పోదు. "బాగా వేడి చేశాం కదా" అన్న ధైర్యం అన్నం విషయంలో చెల్లదు.

చద్దన్నం వేరు. అందులో నీళ్లో మజ్జిగో పోసి పులియబెడతారు. పెరుగులోని లాక్టిక్ బాక్టీరియా ముందే చేరి పులుపు పెంచితే ఈ చెడ్డ బాక్టీరియా పెరగడం కష్టం. అన్నం త్వరగా చల్లారిపోతుంది కూడా. నువ్వు చేస్తున్నది చద్దన్నం కాదు, మూతపెట్టి వదిలేసిన అన్నం. పళ్లెంలో పల్చగా పరిచి చల్లార్చి, గంటలోపు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాడే తినేయి. పులిహోరే కావాలంటే రాత్రే చింతపండు పులుసు, నూనె, పసుపు కలిపేయి. పులుపు పట్టిన అన్నం తట్టుకుంటుంది, మన పెద్దవాళ్లు ప్రయాణాలకు పులిహోర కట్టుకెళ్లింది అందుకే.

గోదారి_గట్టు

టీచరు గారూ, మా ఇంట్లో తరవాణి కుండ మూడు తరాలు నడిచింది, ఒక్కరికీ ఏమీ కాలేదు. వట్టి నీళ్లు పోసిన అన్నం మీద అంత అనుమానం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఓరుగల్లు_టీచర్

అమ్మా, తరవాణి కుండలో ముందు రోజు పులుపు మిగిలి ఉంటుంది, కొత్తగా పోసిన అన్నానికి అదే తోడు. దాని మీద నాకు అనుమానం లేదు. అప్పుడే కడిగిన స్టీలు గిన్నెలో, తోడు లేకుండా, వేసవి రాత్రి పోసిన వట్టి నీళ్ల మీదే నా అనుమానం. పులుపు పెరగడానికి గంటలు పడుతుంది, ఈలోగా మిగతావి పెరిగే వీలుంది. రెండు చెంచాల పులిసిన మజ్జిగ కలిపితే ఆ తేడా తీరిపోతుంది. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో నేను అదీ చేయను, తాజాగా వండి పెడతాను.

బెజవాడ_వంటిల్లు

ఇడ్లీ పిండి, పెరుగు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. వాటికే సగం ఫ్రిజ్ పోతోంది.

గోదారి_గట్టు

పెరుగు బయటే తోడుకోవాలి, తోడుకున్నాక లోపలికి. ఈ ఎండలకు నాలుగైదు గంటల్లో గట్టిపడుతుంది. రాత్రి తోడుపెట్టి పొద్దున్న చూస్తే పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నం తోడుపెట్టి సాయంత్రం లోపల పెట్టు. ఇంటికి సరిపడా ఒక్క గిన్నే ఉండాలి, నాలుగు గిన్నెలు కాదు.

పిండి కూడా అంతే. వేసవిలో అయిదారు గంటల్లో పొంగుతుంది. పొంగగానే లోపలికి. గిన్నె సగమే నింపాలి, లోపల కూడా కాసేపు పొంగుతుంది. అవసరమైనంత వేరే గిన్నెలోకి తీసుకుని మిగతాది కదపకుండా ఉంచు. మూడు రోజులు దాటితే ఇడ్లీకి బాగోదు, అట్టుకు, గుంత పొంగనాలకు వాడెయ్యి. వారానికి ఒకేసారి రుబ్బడం మానేసి రెండుసార్లు రుబ్బుకుంటే చోటూ మిగులుతుంది, రుచీ బాగుంటుంది.

డల్లాస్_తెలుగు

టమాటా, అరటి, మామిడి మీద నా వంతు. టమాటా మీద 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవాళ్లు చేసిన పని చదివాను. 5 డిగ్రీల దగ్గర వారం ఉంచితే చక్కెర, పులుపు పెద్దగా మారవు. వాసననిచ్చే పదార్థాలను తయారుచేసే జన్యువులు మందగిస్తాయి, మళ్లీ వెచ్చబెట్టినా పూర్తిగా కోలుకోవు. పచ్చిగా తినే టమాటాకు ఇది పెద్ద నష్టం. పప్పులో, చారులో మరిగించేదానికి అంత పట్టింపు లేదు. కాబట్టి విజయవాడ మే నెలకు నా సలహా: దోరకాయలు బయట నీడలో తొడిమ కిందికి ఉండేలా పెట్టండి. పూర్తిగా పండినవి లోపల పెట్టి మూడు రోజుల్లో వండేయండి.

అరటిపళ్లు 13 డిగ్రీల కంటే తక్కువలో తొక్క నల్లబడతాయి. పూర్తిగా పండాక పెడితే తొక్క నల్లగా ఉన్నా లోపల బాగానే ఉంటుంది. మామిడి కాయ మాగకముందు ఫ్రిజ్‌లో పెడితే ఇక సరిగా మాగదు, పీచు పీచుగా, చప్పగా అవుతుంది. బంగినపల్లి గడ్డిలో మాగి వాసన వచ్చాక, తినే ముందు రెండు గంటలు లోపల పెడితే చాలు. కోసిన మామిడి ముక్కలు, పుచ్చకాయ ముక్కలు మాత్రం ఒక్క గంట కూడా బయట వద్దు. పుచ్చకాయ కోయనంతవరకు మంచం కిందే ఉండనివ్వండి.

పల్లె_పంట

ఆలుగడ్డ మీద ఒక్క మాట మిగిలింది. చలిలో దాని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. వేపుడు చేస్తే త్వరగా నల్లబడుతుంది, తియ్యగా ఉంటుంది. చిప్స్ కంపెనీలు అందుకే మరీ చల్లగా నిలవ చేయవు.

డల్లాస్_తెలుగు

నిజమే. ఆ చక్కెర ఎక్కువ వేడిలో వేగితే, క్యాన్సర్ ముప్పు ఉందని అనుమానించే అక్రిలమైడ్ అనే పదార్థం ఎక్కువ వస్తుందని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఒకప్పుడు ఫ్రిజ్ వద్దనేది. 2023లో మాట మార్చుకుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన ప్రమాదం పెరగదని, ఆహారం వృథా కాకుండా పెట్టుకోవచ్చని చెబుతోంది. అక్కయ్యా, మీకు చోటే లేదు కాబట్టి బయట చీకటి బుట్టే మంచిది. మొలకలు వస్తున్నాయని భయపడి కూరకో కుర్మాకో వాడేవి లోపల పెట్టినా తప్పులేదు.

సాగర_తీరం

తలుపు అరలు ఖాళీ చేయాలంటే ఇవి తీసేయండి. తేనెలో నీరు తక్కువ, చక్కెర ఎక్కువ, అది పాడవదు. చలిలో పెడితే ఊరికే పేరుకుని గడ్డకడుతుంది. ఏడాది లోపు పసిపిల్లలకు మాత్రం తేనె నాకించొద్దు, బయట ఉన్నా లోపల ఉన్నా సరే. నెయ్యి బయటే. పెచ్చులు లేకుండా బాగా కాచిన నెయ్యిలో తేమ ఉండదు. నూనెలు బయటే. మూత తీయని టెట్రా ప్యాక్ పాలు బయటే, తెరిచాక లోపలే. సోయా సాస్, వెనిగర్ బయటే.

బ్రెడ్డు ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యంగా పడుతుంది గానీ త్వరగా గట్టిపడుతుంది, పిండి పదార్థం ఆ చలిలోనే వేగంగా బిరుసెక్కుతుంది. రెండు రోజుల్లో అయిపోయేదైతే బయట. మిగిలేదైతే ముక్కలుగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి నేరుగా పెనం మీద కాల్చుకోండి.

బెజవాడ_వంటిల్లు

అల్లం వెల్లుల్లి ముద్ద? కోసిన ఉల్లిపాయ ఫ్రిజ్‌లో పెడితే విషం అవుతుందని వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ వస్తోంది.

ఓరుగల్లు_టీచర్

ఉల్లిపాయ గాలిలోని క్రిములను లాగేస్తుందనడానికి ఆధారం లేదు. కోసినది మూత ఉన్న డబ్బాలో పెట్టి మర్నాడు వాడండి. మూత లేకపోతే పాలకు వాసన పడుతుంది, అంతే నష్టం.

అల్లం వెల్లుల్లి ముద్ద మాత్రం తప్పకుండా లోపలే. వెల్లుల్లి నేల కింది పంట, దాని మీద బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. గాలి తగలని చోట, పులుపు లేని చోట, వెచ్చగా ఉంటే అవి విషం తయారుచేస్తాయి. పైన నూనె పోసి బయట పెట్టిన ముద్దలో ఈ మూడూ ఉంటాయి. వాసనలో, రంగులో తేడా తెలియదు. ఆవకాయలో వెల్లుల్లికి ఆ భయం లేదు, అక్కడ పులుపు, ఉప్పు గట్టిగా ఉంటాయి. ముద్దలో ఉప్పు వేసి, వారానికి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది చిన్న ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టండి.

మిర్చి_యార్డు

పచ్చిమిర్చి తొడిమలు తీసి, తడి లేకుండా, అడుగున పల్చటి నూలు గుడ్డ వేసిన డబ్బాలో పెడితే రెండు వారాలు. కరివేపాకు, కొత్తిమీర కూడా అలాగే, కడగకుండా. చాలామంది న్యూస్‌పేపర్‌లో చుడతారు, అది వద్దు. ఆ సిరా ఆహారానికి అంటుతుందని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2023లో కూడా హెచ్చరించింది. పాత చీర ముక్క చాలు.

హాస్టల్_రోజులు

కరెంటు పోతే? మా దగ్గర మధ్యాహ్నం రెండు మూడు గంటలు తీసేస్తున్నారు.

ఓరుగల్లు_టీచర్

తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో నాలుగు గంటల దాకా చలి నిలుస్తుంది. నిండా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా, సగం నిండినది ఒక రోజు దాకా. ఇవి సరైన సైజు ఫ్రిజ్‌ల లెక్కలు. మీ 45 లీటర్ల దానిలో అంతసేపు నిలవదు, రెండు గంటలే అనుకోండి. ఫ్రీజర్‌లో ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఉంచండి, కరెంటు పోగానే ఒకటి తీసి పాల పక్కన పెట్టండి. కరెంటు ఎప్పుడు పోయిందో తెలియకుండా ఊరెళ్లి వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి, ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, మాంసం, చేపలు పారేయండి.

బెజవాడ_వంటిల్లు

ఇవాళ తలుపు అరలు ఖాళీ చేశాను. తేనె, జామ్, సాస్, నెయ్యి, రెండు రకాల ఆవకాయ, చింతపండు బయటికి వచ్చేశాయి. గుడ్లు, పాలు లోపలి అరలోకి మార్చాను. జామ్ సీసా మీద మాత్రం "తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచాలి" అని రాసి ఉంది. మళ్లీ లోపలికా?

సాగర_తీరం

సీసా మీద రాస్తే అదే పాటించండి అక్కా. చక్కెర తగ్గించిన జామ్‌లు ఇప్పుడు చాలా వస్తున్నాయి, వాటికి బూజు తొందరగా పడుతుంది. తలుపు అర దానికి చాలు.